లేత కాయ, ముదురు గింజ: వేసవి స్క్వాష్ వారసత్వ రకాల చరిత్రలో పెరటితోట పాత్ర

వ్యాససంగ్రహం:
వేసవి స్క్వాష్ అమెరికా ఖండంలో పుట్టిన కూరగాయ. కాయను లేతగా ఉన్నప్పుడే కోసి తినడం దీని ప్రధాన లక్షణం. విత్తనం మాత్రం కాయ బాగా ముదిరితే తప్ప దొరకదు. అంటే తినడానికీ, నిలుపుకోవడానికీ మధ్య ఈ పంటలో సహజంగానే ఒక వైరుధ్యం ఉంది. ఈ వైరుధ్యాన్ని తరతరాలుగా పరిష్కరిస్తూ వచ్చిన స్థలం పెరటితోట. అందుకు ప్రధాన సాధనం మనిషి నాలుక. పురావస్తు ఆధారాలు, 16వ శతాబ్దపు చిత్రాలు, 17వ శతాబ్ది నుంచి వచ్చిన వ్రాతలు, ఆధునిక వృక్షశాస్త్ర పరిశోధనల ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం, తెలుగు పెరటి సంప్రదాయంతో దానికి గల సంబంధాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేసవి స్క్వాష్, జుకినీ, వారసత్వ విత్తనం, పెరటితోట, చేదు, గుమ్మడి, వ్యవసాయ చరిత్ర.

1. ప్రవేశిక:

పంటల చరిత్ర అనగానే మన దృష్టి వరి, గోధుమ, పత్తి, చెరకు వంటి వాటి మీదికి పోతుంది. ఇవి పన్నులకూ, ఎగుమతులకూ, కరువులకూ సంబంధించినవి కనుక వీటి లెక్కలు ప్రభుత్వ పత్రాల్లో దొరుకుతాయి. పెరట్లో నాలుగు పాదులు పెట్టి పండించుకొన్న కూరగాయకు అటువంటి పత్రసాక్ష్యం తక్కువ. అది పన్నుకు రాలేదు, సంతకు కూడా అరుదుగానే వచ్చింది. దాని చరిత్ర చాలావరకు విత్తనంలోనే దాగి ఉంది.

కుకుర్బిటా పెపో అనే ఒకే జాతిలో ఆకారంలోను, రంగులోను, రుచిలోను పరస్పరం పోలిక లేని అనేక రకాలు ఉన్నాయి. వృక్షశాస్త్రవేత్త హ్యారీ పారిస్ 1986లో వీటిలో తినదగిన రకాలను ఎనిమిది వర్గాలుగా విభజించాడు. వాటిలో పంప్కిన్, ఏకార్న్ అనే రెండింటిని ప్రధానంగా ముదిరిన తరువాత వాడతారు. మిగిలిన ఆరు, అనగా స్కాలప్, క్రూక్‌నెక్, స్ట్రెయిట్‌నెక్, వెజిటబుల్ మారో, కొకొజెల్, జుకినీ, లేతగా తినేవి. ఈ ఆరింటికి కలిపి వేసవి స్క్వాష్ అని పేరు. వీటిలో సంకరం చేయని, విత్తనం దాచుకొని మళ్లీ నాటితే తల్లి గుణాలే వచ్చే పాత రకాలను వారసత్వ రకాలు అంటున్నారు. ఎన్నేళ్ల నాటి రకాన్ని ఈ పేరుతో పిలవాలన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొందరు 50 ఏళ్లను హద్దుగా తీసుకొంటారు. మరికొందరు వయస్సు కన్నా ఒక కుటుంబంలోనో సమూహంలోనో చేతులు మారుతూ రావడాన్ని ముఖ్యంగా భావిస్తారు. ఈ వ్యాసం రెండవ అర్థాన్నే స్వీకరిస్తున్నది.

2. చేదు నుంచి రుచికి:

కుకుర్బిటా ప్రజాతికి చెందిన అడవి కాయలు చిన్నవి, గట్టి పెంకు గలవి, భరించలేనంత చేదు గలవి. కుకుర్బిటసిన్లు అనే రసాయనాలు ఈ చేదుకు కారణం. మొక్క తనను తాను కాపాడుకోవడానికి ఏర్పరచుకొన్న విషం అది. అమెరికాలోని ఫ్లోరిడాలో లభించిన మాస్టోడాన్ పేడ శిలావశేషాల్లో ఈ గింజలు కనిపించాయి. ఏనుగును పోలిన ఆ భారీ జంతువులు కాయలను మింగి, గింజలను దూరప్రాంతాలకు చేరవేసేవన్నమాట. 2015లో లోగన్ కిస్ట్లర్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్ద జంతువుల్లో చేదును గుర్తించే జన్యువులు చిన్న జంతువుల్లో కన్నా తక్కువ. మంచుయుగాంతంలో ఆ భారీ జంతువులు అంతరించడంతో ఈ మొక్కలు తమ వాహకులను కోల్పోయాయి. ఆ స్థానాన్ని మనిషి తీసుకొన్నాడు.

మెక్సికోలోని ఓహాకా లోయలో గ్విలా నాకిట్స్ అనే గుహను కెంట్ ఫ్లానరీ 1966లో త్రవ్వించాడు. అక్కడ దొరికిన గింజలు, తొక్కలు, తొడిమలను బ్రూస్ స్మిత్ పునఃపరిశీలించి, సుమారు 10,000 ఏళ్ల క్రితమే అక్కడ కుకుర్బిటా పెపో సాగులో ఉన్నదని 1997లో ప్రకటించాడు. అడవి గింజల కన్నా అవి పెద్దవి. తొలి సాగుదారులు గుజ్జు కోసం కాక గింజల కోసం, పాత్రలుగా పనికివచ్చే పెంకుల కోసం ఈ తీగను పెంచి ఉంటారని పండితుల అభిప్రాయం. చేదు గుజ్జును తినలేరు కాని, గింజలను కడిగి వేయించి తినవచ్చు.

తూర్పు ఉత్తర అమెరికాలో సుమారు 5,000 ఏళ్ల క్రితం ఇదే జాతి మరొకసారి స్వతంత్రంగా సాగులోకి వచ్చింది. స్కాలప్, క్రూక్‌నెక్, స్ట్రెయిట్‌నెక్, ఏకార్న్ వర్గాలు ఈ తూర్పు శాఖకు చెందినవి. పంప్కిన్, మారో, కొకొజెల్, జుకినీ మెక్సికో శాఖకు చెందినవి. ఒకే జాతి రెండు చోట్ల, రెండు వేర్వేరు సమాజాల చేతుల్లో చేదును వదులుకొన్నది. ఏ పాదు కాయ చేదు కాదో రుచి చూసి, ఆ పాదు గింజనే మరుసటి ఏటికి దాచిన మనుషులు లేకపోతే ఈ మార్పు స్థిరపడదు. వారి పేర్లు మనకు తెలియవు. వారి నిర్ణయం మాత్రం ప్రతి తియ్యని కాయలోను మిగిలి ఉంది.

3. మాటలోని సాక్ష్యం, ఒక స్త్రీ వాఙ్మూలం:

స్క్వాష్ అన్న ఇంగ్లీషు మాట నారగాన్సెట్ ఆదివాసుల భాష నుంచి వచ్చింది. రోజర్ విలియమ్స్ 1643లో ప్రచురించిన భాషాగ్రంథంలో 'అస్కుటాస్క్వాష్' అనే రూపం నమోదైంది. పచ్చిగా లేదా పండకముందే తినేవి అని దీనికి అర్థం చెబుతారు. అంటే లేతగా తినడం అనే అలవాటు ఈ పంట పేరులోనే ఉన్నది. వలస వచ్చినవారు కాయతో పాటు మాటను, మాటతో పాటు తినే పద్ధతిని కూడా స్వీకరించారు.

ఆదివాసీ తోటల గురించి మనకు లభించే సాక్ష్యాల్లో మిక్కిలి విలువైనది హిదాత్సా తెగకు చెందిన బఫెలో బర్డ్ వుమన్ చెప్పిన వృత్తాంతం. మిసోరి నదీతీరపు తోటల్లో తాను చేసిన వ్యవసాయాన్ని ఆమె గిల్బర్ట్ విల్సన్‌కు వివరించగా, ఆమె కుమారుడు గుడ్‌బర్డ్ అనువదించాడు. ఆ వివరాలు 1917లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం తరఫున గ్రంథంగా వెలువడ్డాయి. ఆ సమాజంలో తోటలు స్త్రీలవి. నాలుగు రోజులకు ఒకసారి కాయలు కోయాలని, ఆ వయస్సు దాటితే తినడానికి అంత బాగుండవని ఆమె చెప్పింది. ఎనుబోతు భుజపుటెముకతో చేసిన కత్తితో ఆ కాయలను చక్రాలుగా కోసి, విల్లో పుల్లలకు గుచ్చి, మంచెల మీద ఎండబెట్టేవారు. మన ఇళ్లలో కాకర, వంకాయ ముక్కలను వరుగులుగా ఎండబెట్టే పద్ధతిని ఇది గుర్తుకు తెస్తుంది.

ఇక్కడ చరిత్రకారులు గమనించవలసినది 'నాలుగు రోజులు' అన్న లెక్క. అది ఏ ప్రయోగశాల కొలమానమూ కాదు. పిందె ఎప్పుడు కాయ అవుతుందో, కాయ ఎప్పుడు పీచు పడుతుందో తెలిసిన చేతి లెక్క. ఆ లెక్క ఒక విద్వాంసుడు అడిగి వ్రాసుకొన్నందున నిలిచింది. అడగని తోటలు ఎన్ని ఉన్నాయో ఊహించుకోవలసిందే.

4. ఐరోపాలో పేరుమార్పు, రూపమార్పు:

కొలంబస్ యాత్రల తరువాత కొద్దికాలానికే ఈ కాయలు ఐరోపా చిత్రాల్లో కనిపిస్తాయి. ఫ్రాన్స్ రాణి ఆన్ ఆఫ్ బ్రిటనీ కోసం 1503-1508 మధ్య చిత్రకారుడు ఝాన్ బుర్దిషోఁ అలంకరించిన ప్రార్థనా గ్రంథంలో ఈ జాతి తీగ ఒకటి ఉన్నది. దాని పక్కన వ్రాసిన పేరు 'టర్కీ సొర' అన్న అర్థం ఇస్తుంది. అమెరికా నుంచి వచ్చిన మొక్కకు టర్కీ పేరు తగిలిందంటే, కొత్త వస్తువును పాత మాటతో పట్టుకోవడం ఎంత సహజమో తెలుస్తుంది. రోమ్‌లోని విల్లా ఫర్నెసినా భవనంలో 1515-1518 మధ్య జొవాన్ని దా ఉదినె చిత్రించిన ఫలమాలల్లోను, 1542లో లియొనార్డ్ ఫుక్స్ ప్రచురించిన మూలికా గ్రంథంలోను ఈ ప్రజాతి కాయలు దర్శనమిస్తాయి. 18వ శతాబ్దంలో ఆంట్వాన్ నికొలా డుషేన్ వీటిని పెంచి, రకాల మధ్య సంపర్కం జరుగుతుందని గమనించి, వివరమైన చిత్రాలు గీశాడు.

నేడు ప్రపంచమంతటా దొరికే జుకినీ ఈ క్రమంలో చాలా ఆలస్యంగా వచ్చినది. 19వ శతాబ్దపు చివరి భాగంలో ఇటలీలోని మిలాన్ పరిసరాల్లో ఇది రూపుదిద్దుకొన్నదని తెరీసా లస్ట్, హ్యారీ పారిస్ పరిశోధన తెలియజేస్తున్నది. ఇటాలియన్‌లో 'జుక్కా' అంటే గుమ్మడి. జుకినీ అంటే చిన్న గుమ్మడి. పాతదిగా తోచే కూరగాయ నిజానికి సుమారు ఒకటిన్నర శతాబ్దపుది మాత్రమే. స్కాలప్, క్రూక్‌నెక్ వర్గాలు దీని కన్నా ఎంతో పూర్వమైనవి. వారసత్వం అన్న మాటను వాడేటప్పుడు ఈ కాలభేదాన్ని విస్మరించరాదు.

5. వ్రాసినవారు, పండించినవారు:

స్కాలప్ స్క్వాష్‌ను వర్జీనియాలో సిమ్లింగ్ అనేవారు. సిమ్నెల్ అనే కేకును పోలిన ఆకారం వలన ఈ పేరు వచ్చింది. థామస్ జెఫర్సన్ మాంటిసెల్లో తోటలో దీనిని పండించారు. 1824లో వెలువడిన మేరీ రాండాల్ఫ్ వంటల పుస్తకంలో సిమ్లిన్ వండే విధానం ఉంది. ఈ రకం గురించి వ్రాసే నేటి రచనలు తరచుగా జెఫర్సన్ పేరును ప్రస్తావిస్తాయి. కాని మాంటిసెల్లోలో పాదు తవ్వినవారు, నీరు పోసినవారు, కాయ కోసినవారు, వండినవారు ప్రధానంగా బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్ సంతతివారు. వారు తమ సొంత మడుల్లో పండించిన కూరగాయలను జెఫర్సన్ ఇంటికే అమ్మినట్లు, ఆయన మనుమరాలు ఆన్ కేరీ రాండాల్ఫ్ 1805-1808 మధ్య వ్రాసిన ఇంటిఖర్చుల పద్దుల్లో ఉన్నది. యజమాని తోట పుస్తకం ఎంత ముఖ్యమో, ఈ చిల్లర పద్దు కూడా అంతే ముఖ్యం. ఒక రకానికి వారసులు ఎవరన్న ప్రశ్నకు మొదటిది ఒక జవాబు ఇస్తే, రెండవది మరొక జవాబు ఇస్తుంది.

20వ శతాబ్దంలో సంకర విత్తనాలు ప్రవేశించాయి. ఒకే పరిమాణం, ఒకేసారి కాపు, రవాణాకు తట్టుకొనే తొక్క, అధిక దిగుబడి అనేవి వాటి లక్ష్యాలు. ఈ లక్ష్యాలు తప్పు కావు. మార్కెట్టు అవసరాలు అవే. అయితే సంకర కాయ నుంచి తీసిన గింజ తల్లిని పోలిన పంటను ఇవ్వదు కనుక పెంపకందారు ఏటా విత్తనం కొనక తప్పదు. ఈ పరిస్థితుల్లో పాత రకాలను ఇంటింటా నిలపడానికి డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ దంపతులు 1975లో ప్రారంభించిన సంస్థ తరువాత సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్‌గా ప్రసిద్ధి పొందింది. విత్తనాన్ని శీతలగిడ్డంగిలో భద్రపరచడంతో ఆగక, సభ్యుల తోటల మధ్య మార్పిడి చేయడం దాని పద్ధతి.

6. తినడానికీ నిలపడానికీ మధ్య:

పెరట్లో ఈ రకాలను నిలపడంలో ఉన్న కష్టం ఏమిటో వివరంగా చూడవలసి ఉంది. టమాటా, దోస వంటి వాటిలో పండిన పండు నుంచి గింజ తీయవచ్చు. టమాటాలోనైతే గుజ్జును తిని గింజను దాచుకోవచ్చు. వేసవి స్క్వాష్‌లో అది కుదరదు. పూవు విచ్చిన వారం లోపే కోసిన కాయలో గింజ పాలపొరలా ఉంటుంది, మొలవదు. విత్తనం కావాలంటే ఆ కాయను మరికొన్ని వారాలు తీగ మీదే వదలాలి. తొక్క గోరు దిగనంత గట్టిపడాలి. అలా ముదిరే కాయ ఉన్నంతసేపు మొక్క కొత్త పిందెలను తక్కువగా వేస్తుంది. అంటే ఒక విత్తనపు కాయను నిలపడమంటే అనేక పూటల కూరను వదులుకోవడం. పైగా మంచి కాయలన్నీ తిని, కోయడం మరచిన కాయను విత్తనానికి వదిలితే, కాలక్రమంలో రకం క్షీణిస్తుంది. తినాలనిపించే పాదునే విత్తనానికి కేటాయించాలి.

రెండవ కష్టం పరాగసంపర్కం. మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూసి, తెల్లవారుజామున విచ్చి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. తేనెటీగలు ఒక రకం పుప్పొడిని మరొక రకానికి చేరుస్తాయి. పక్క మడిలో జుకినీ, పొరుగింట్లో అలంకారపు గుమ్మడి ఉంటే అవన్నీ ఒకే జాతి కనుక కలిసిపోతాయి. ఈ కలయిక ఫలితం ఆ ఏటి కాయ గుజ్జులో కనిపించదు. ఆ గింజను నాటిన మరుసటి ఏట బయటపడుతుంది. అందువలన విత్తనం నిలిపేవారు సాయంత్రం విచ్చబోయే మొగ్గలను గుర్తించి దారంతో కట్టి, మరునాటి ఉదయం అదే రకపు మగపూవు పుప్పొడిని ఆడపూవుకు అద్ది, మళ్లీ కట్టివేస్తారు. ఆ పిందెకు గుర్తు కడతారు. ఇంత శ్రమ లేకుండా వారసత్వం అన్న మాటకు ఈ పంటలో అర్థం లేదు.

7. రుచి చూడటం అనే విద్య:

వారసత్వ రకాలను రుచిని బట్టి మెచ్చుకొనడం కేవలం అభిరుచి విషయం కాదు. ఇటలీకి చెందిన కొస్తాతా రొమనెస్కో అనే రకం నిలువు గాట్లతో, లేత మచ్చలతో ఉంటుంది. అడ్డంగా కోస్తే చక్రం అంచు పూరేకుల్లా కనిపిస్తుంది. దిగుబడి తక్కువ. గుజ్జు బిగువుగా ఉండి, వండితే నీరు వదలక, గింజపప్పుల కమ్మదనాన్ని ఇస్తుంది. పసుపుపచ్చని క్రూక్‌నెక్ లేతగా ఉన్నప్పుడు వెన్న రుచిని తలపిస్తుంది. ముదిరేకొద్దీ తొక్క బొడిపెలు దేలుతుంది. తెల్లని స్కాలప్ గుజ్జు గట్టిది, రుచి సున్నితమైనది. ఈ భేదాలు తెలియాలంటే ఒకే రోజు కోసిన, ఒకే వయస్సు గల కాయలను ఉప్పు కారాలు లేకుండా ఆవిరి మీద ఉడికించి పక్కపక్కన పెట్టి తినాలి. పెద్ద కాయను ఒక రకం నుంచి, చిన్న కాయను మరొక రకం నుంచి తీసుకొని పోల్చితే అది వయస్సుల పోలిక అవుతుంది గాని రకాల పోలిక కాదు.

రుచి చూడటంలో ప్రాణరక్షణ కూడా ఇమిడి ఉంది. చేదు జన్యువు ప్రబల లక్షణం. అలంకారపు గుమ్మడితో కలిసిన విత్తనం నుంచి వచ్చిన కాయ, చూడటానికి జుకినీలాగే ఉన్నా, విషపూరితమైన చేదును కలిగి ఉండవచ్చు. వండినంత మాత్రాన ఆ విషం పోదు. 2015 ఆగస్టులో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో పొరుగింటి పెరట్లో కాసిన జుకినీ కూర తిని ఒక వృద్ధుడు మరణించాడు. వేల ఏళ్ల క్రితం వదిలించుకొన్న చేదు ఒక్క తరంలో తిరిగి రాగలదని ఈ సంఘటన తెలియజేస్తున్నది. ప్రతి కాయ నుంచి చిన్న పచ్చిముక్కను నాలుకకు తాకించి, చేదైతే ఉమ్మివేసి, ఆ కాయను పారవేసి, ఆ పాదును పీకివేయడం విత్తనం నిలిపేవారి ప్రథమ ధర్మం.

8. తెలుగు పెరడు:

కుకుర్బిటా ప్రజాతి అమెరికాది కనుక మనం నేడు తియ్యగుమ్మడి అంటున్న కాయ 16వ శతాబ్దికి ముందు తెలుగుదేశంలో ఉండే అవకాశం లేదు. బూడిద గుమ్మడి మాత్రం ఆసియా ఖండానికి చెందిన వేరొక ప్రజాతి. కాబట్టి అంతకు పూర్వపు తెలుగు గ్రంథాల్లో గుమ్మడి అన్న పదం కనిపిస్తే దానిని బూడిద గుమ్మడిగానే గ్రహించవలసి ఉంటుంది. 'గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు' అన్న సామెత కూడా బూడిద గుమ్మడికే సరిపోతుంది. భుజాన మోసినవాడికి బూడిద అంటుకొనేది ఆ కాయతోనే. ఫ్రెంచి గ్రంథంలో 'టర్కీ సొర' అన్నట్లే ఇక్కడ కూడా పాత పేరు కొత్త కాయకు చేరింది. నిఘంటుకారులు, పాఠ్యవ్యాఖ్యాతలు ఈ భేదాన్ని పాటించడం అవసరం.

లేతగా తిని ముదురు నుంచి విత్తు తీయడమన్న సమస్య మనకు కొత్తది కాదు. బీర, సొర, పొట్ల, కాకర అన్నింటా ఇదే ఉంది. పాదుకు ఒక మంచి కాయను విత్తనానికి వదలడం, దానిని ఎవరూ కోయకుండా గుర్తు కట్టడం, ఎండిన బీరకాయను చూరుకు వేలాడదీయడం, గింజలకు బూడిద పట్టించి దాచడం మన పెరళ్లకు తెలిసిన పద్ధతులు. బీర, సొర, దోసలను తరిగేటప్పుడు ముక్క కొరికి చేదు చూసే అలవాటు తెలుగు వంటింట్లో నేటికీ ఉంది. చేదు సొరకాయ రసం వలన కలిగిన ప్రమాదాలను పరిశీలించిన భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం కూడా రసం తీసేముందు ముక్క రుచి చూడాలని, చేదైతే పారవేయాలని సూచించింది. అమ్మమ్మల అలవాటుకూ శాస్త్రసంస్థ సూచనకూ ఇక్కడ తేడా లేదు.

ప్రవాసంలో ఉన్న తెలుగువారు జుకినీని సొర, బీరలకు బదులుగా పప్పులోను, పచ్చడిలోను వాడుతున్నారు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు తన పంట నుంచి విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే హక్కును గుర్తించింది. అయితే దాచే చేయి లేనప్పుడు హక్కు కాగితం మీదే ఉంటుంది. పెరళ్లు తగ్గి, నారు, విత్తనం పొట్లాల్లో దొరికే కాలంలో విత్తనపు కాయను వదలడమన్న అలవాటు చూస్తుండగానే మరుగున పడుతున్నది.

9. ముగింపు:

పై పరిశీలన వలన మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. ఒకటి, వేసవి స్క్వాష్ చరిత్ర చేదును వదిలించుకొన్న చరిత్ర. దానిని నడిపినది రుచి చూసిన నాలుక. రెండు, ఈ పంటలో వారసత్వం వస్తువులో లేదు, ఏటేటా తిరిగి చేయవలసిన పనిలో ఉన్నది. కొన్ని పూటల కూర వదులుకొని, పూవుకు దారం కట్టి, పాదును ఎంచేవారు ఒక్క తరం ఆగిపోయినా రకం పోతుంది. మూడు, ఆ పని చేసినవారిలో అధికులు వ్రాతకు ఎక్కనివారు: ఆదివాసీ స్త్రీలు, బానిసలు, పెరటి గృహిణులు. బఫెలో బర్డ్ వుమన్ చెప్పిన లెక్క మనకు చేరడానికి అడిగినవారు ఒకరు, అనువదించినవారు ఒకరు అవసరమయ్యారు. తెలుగు జిల్లాల్లో బీర, సొర, దోస, గుమ్మడి విత్తనాలను దాచిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ కాయను ఎందుకు వదిలారో, చేదును ఎలా గుర్తించారో, గింజను ఎవరికి ఇచ్చారో వారిని అడిగి నమోదు చేయడం మన విశ్వవిద్యాలయాల చరిత్ర, జానపద విజ్ఞాన శాఖలు చేపట్టదగిన పరిశోధన. అందుకు ఉన్న వ్యవధి ఎక్కువ కాదు.